హోమర్ ఎవరిని అనుకరించాడు? మిల్మన్ ప్యారీ వెతికిన జవాబు

ప్రాచీన గ్రీకు ఇతిహాసాలైన ఇలియడ్, ఒడిస్సీలను మొదటిసారి చదివేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. చెప్పిన మాటే మళ్లీ మళ్లీ వస్తుంది. అకిలీస్ కదలకుండా కూర్చుని ఉన్నా కవి అతణ్ని వేగపాదుడనే అంటాడు. ఒడ్డుకు లాగిపెట్టిన ఓడ కూడా వడిగల ఓడే. తెల్లవారడం, భోజనానికి కూర్చోవడం, కవచం తొడుక్కోవడం వంటి ఘట్టాలు దాదాపు అవే పాదాలతో తిరిగి వస్తాయి. సుమారు 15,700 పాదాల ఇలియడ్‌లో, 12,100 పాదాల ఒడిస్సీలో ఇలాంటి పునరుక్తులు వేల సంఖ్యలో ఉన్నాయి.

19వ శతాబ్దపు యూరప్ పండితుల మధ్య ఇది పెద్ద తగవైంది. ఒకే పాదం రెండు చోట్ల కనిపిస్తే ఒకటి అసలు, రెండోది నకలు అయి ఉండాలని చాలామంది నమ్మారు. ఏది ముందు, ఏది వెనుక అని తేల్చి, ఇతిహాసాన్ని పొరలు పొరలుగా విడదీసి, ఏ పొర ఏ కవిదో చెప్పబోయారు. 1795లో జర్మన్ పండితుడు ఫ్రీడ్రిక్ ఆగస్ట్ వోల్ఫ్ లేవనెత్తిన సందేహాలతో ఈ దారి తెరుచుకుంది. మరో వర్గం మాత్రం హోమర్ ఒక్కడేనని, ఆ పునరుక్తులన్నీ ఒక మహాకవి కావాలని చేసినవేనని వాదించింది. ఈ ఇద్దరికీ ఒక నమ్మకం ఉమ్మడిగా ఉంది. కవి అంటే బల్ల ముందు కూర్చుని, తన మాటలు తాను ఎంచుకుని రాసేవాడు. ఇతరుల మాటలు వాడాడంటే అనుకరించినట్టే.

ఆ ఉమ్మడి నమ్మకాన్నే ప్రశ్నించిన వ్యక్తి అమెరికన్ పండితుడు మిల్మన్ ప్యారీ. ఆయన బతికింది 33 ఏళ్లే. పరిశోధనకు దొరికిన కాలం పన్నెండేళ్లకు మించదు. అయినా హోమర్ చదువును ప్యారీకి ముందు, ప్యారీకి తర్వాత అని విడదీసి చెప్పడం ఇప్పుడు మామూలైపోయింది.

బర్కిలీ నుంచి పారిస్‌కు

ప్యారీ 1902లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టారు. పక్కనే ఉన్న బర్కిలీ విశ్వవిద్యాలయంలో గ్రీకు చదువుకున్నారు. 1923లో ఎం.ఎ. పట్టా కోసం రాసిన చిన్న వ్యాసంలోనే ఆయన జీవితకాలపు ఆలోచన మొలకెత్తింది. హోమర్ శైలి ఒక వ్యక్తి సొంతం కాదని, తరతరాల కవులు కలిసి తీర్చిదిద్దుకున్న ఉమ్మడి శైలి అని ఆయన అప్పటికే గ్రహించారు. ఆ వ్యాసం రాసేనాటికి ఆయన వయసు 21. అదే ఏడాది మేరియన్ థాన్‌హౌసర్‌తో పెళ్లయింది. మరుసటి ఏడాది మొదట్లోనే కూతురు పుట్టింది.

ఆ ఆలోచనను నిరూపించడానికి భార్యాబిడ్డలతో పారిస్ వెళ్లారు. ఫ్రెంచి నేర్చుకుని, సోర్‌బాన్‌లో 1928లో రెండు సిద్ధాంత వ్యాసాలు ఆ భాషలోనే సమర్పించారు. కొడుకు ఆడమ్ పుట్టింది కూడా ఆ ఏడాదే, ఆ నగరంలోనే.

హోమర్ విశేషణాల మీద రాసిన ప్రధాన వ్యాసంలో ఆయన పట్టుకున్న విషయం వినడానికి సులువుగానే ఉంటుంది. గ్రీకు ఇతిహాసం హెక్సామీటర్ అనే ఆరు గణాల పాదంలో నడుస్తుంది. కథ చెప్పే కవి పాదం మొదట్లో క్రియ వేసి, చివర వీరుడి పేరు పెట్టాలనుకున్నాడు. మధ్యలో ఎంత జాగా మిగులుతుందో ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఒడిసియస్ విషయంలో తక్కువ జాగా మిగిలితే అతడు దివ్యుడు. ఇంకాస్త మిగిలితే యుక్తిపరుడు. మరింత మిగిలితే ఎన్నో కష్టాలు ఓర్చిన దివ్యుడు. ఆ సందర్భంలో ఒడిసియస్ యుక్తి చూపిస్తున్నాడా, కష్టపడుతున్నాడా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పాదంలో ఎంత ఖాళీ ఉందన్నదే ప్రశ్న.

మన ఛందస్సులో దీన్ని పాదపూరణం అంటాం. అయితే ప్యారీ చూపించింది అక్కడితో ఆగలేదు. ప్రధాన దేవతలకూ వీరులకూ ఇలాంటి పేరు-విశేషణ జంటల వరసలు ఉన్నాయి. ఒక్కో జంట ఒక్కో నిర్ణీత ఖాళీలో సరిగ్గా ఇముడుతుంది. ఒకే వ్యక్తికి ఒకే కొలతలో రెండు జంటలు ఉండటం మాత్రం చాలా అరుదు. ఇంత విస్తారంగా ఉంటూనే ఇంత పొదుపుగా ఉండే వ్యవస్థను ఏ ఒక్క మనిషీ తన జీవితకాలంలో తయారు చేసుకోలేడు. ఎందరో గాయకులు, ఎన్నో తరాలపాటు, పనికొచ్చినదాన్ని ఉంచుకుంటూ, అదనంగా ఉన్నదాన్ని వదిలేస్తూ వస్తేనే అది సాధ్యం. ఈ కట్టుదిట్టమైన పదబంధాలకు ప్యారీ పెట్టిన పేరు ఫార్ములా.

అనుకరణ ఎలా ఉంటుందో కూడా ఆయన అదే వ్యాసంలో చూపించారు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అపొలోనియస్ గ్రీకులో ఆర్గొనాటికా రాశాడు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో వర్జిల్ లాటిన్‌లో ఈనియడ్ రాశాడు. ఇద్దరూ చదువుకున్న కవులే, ఇద్దరూ హోమర్‌ను ఎదురుగా పెట్టుకుని రాసినవారే. హోమర్ ఛందస్సును, సన్నివేశాలను, ఉపమానాల తీరును తీసుకున్నారు. కానీ వారి కావ్యాల్లో పేరు-విశేషణ జంటలను లెక్కపెడితే హోమర్‌లో కనిపించే వ్యవస్థ కనిపించదు. వారు కలం పట్టి రాసినవారు. ప్రతి పాదాన్నీ తీరిగ్గా చెక్కుకునే వీలున్నవారు. వారికి ఆ వ్యవస్థతో అవసరం లేదు. హోమర్ మాటను వారు వాడితే అది హోమర్‌ను తలపించడానికి. హోమర్ ఆ మాటను వాడింది మాత్రం అది అందరి మాట కాబట్టి.

అంటే అనుకరణ చేసినవారు హోమర్ తర్వాతివారు. హోమర్ చేసినదానికి ఆ పేరు సరిపోదు. ఒకే పాదం పది చోట్ల వస్తే, పదింటిలో అసలు ఏదని వెతకడంలో అర్థం లేదు. పదీ ఒకే ఉమ్మడి సొమ్ములోంచి వచ్చినవే. వందేళ్ల పాండిత్యం తేల్చలేకపోయిన ఆ తగవుకు అలా పునాదే లేకుండా పోయింది.

ప్యారీకి కూడా ముందువారున్నారు. విశేషణాల ఎంపికలో ఛందస్సు పాత్రను జర్మన్ పండితుడు హెన్రిక్ డుంట్జర్ 19వ శతాబ్దంలోనే గుర్తించాడు. హోమర్ భాష మొత్తం ఫార్ములాలతో కట్టినదేనన్న ఊహను పారిస్‌లో ప్యారీకి పాఠం చెప్పిన భాషా శాస్త్రవేత్త ఆంత్వాన్ మెయ్యే అప్పటికే అచ్చులో పెట్టారు. ప్యారీ వారి రుణాన్ని దాచుకోలేదు. ఊహగా మిగిలినదాన్ని లెక్కపెట్టి రుజువు చేయడం ఆయన చేసిన పని.

పుస్తకం నుంచి పాటకు

ఇంతవరకు ప్యారీ చెప్పింది హోమర్ శైలి సంప్రదాయానిదని మాత్రమే. ఆ సంప్రదాయం మౌఖికమని ఆయన ఇంకా గట్టిగా అనలేదు. ఆ మలుపుకు కారణాల్లో ఒకరు మాటియా ముర్కో. స్లొవేనియాకు చెందిన ఈ పండితుడు యుగోస్లావియా పల్లెల్లో ఇంకా జీవించి ఉన్న వీరగాథల మీద ఆ రోజుల్లోనే పారిస్‌లో ప్రసంగించారు. ప్యారీ సిద్ధాంత వ్యాసాల పరీక్షకూ వచ్చారు.

అమెరికా తిరిగొచ్చిన ప్యారీ ఒక ఏడాది అయోవా రాష్ట్రంలోని డ్రేక్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, హార్వర్డ్‌లో చేరారు. అక్కడ 1930లో, 1932లో రెండు సుదీర్ఘ వ్యాసాలు ప్రచురించారు. మొదటిదాంట్లో ఇలియడ్, ఒడిస్సీల తొలి 25 పాదాలను తీసుకుని, వాటిలో ఏ ముక్క ఇతర చోట్ల మళ్లీ వస్తుందో గీతలు గీసి చూపించారు. రెండోదాంట్లో హోమర్ భాష సంగతి తేల్చారు. అందులో అయోనిక్, అయోలిక్ మాండలికాలు కలిసిపోయి ఉంటాయి. అలాంటి కలగాపులగపు భాషను ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడలేదు. పాత మాండలికపు రూపానికి సరిపోయే కొలతలో కొత్త రూపం దొరికితే గాయకులు మార్చుకున్నారు, దొరక్కపోతే పాతదాన్నే ఉంచేశారు. ఆశువుగా పాడేవారి అవసరమే ఆ భాషను అలా తయారుచేసిందని ప్యారీ వాదన.

కానీ ఇదంతా కాగితం మీద వాదనే. క్రీ.పూ. 8వ శతాబ్దపు గ్రీకు గాయకుణ్ని ఎవరూ వినలేరు. అలాంటి గాయకులు ఇంకా పాడుతున్న చోటికి వెళ్లి చూడాలని ప్యారీ నిర్ణయించుకున్నారు. 1933 వేసవిలో ఒకసారి, 1934 జూన్ నుంచి 1935 సెప్టెంబరు దాకా మరోసారి యుగోస్లావియాలో గడిపారు. కుటుంబాన్ని డుబ్రోవ్నిక్‌లో ఉంచి, బోస్నియా, హెర్జెగోవినా, మాంటెనెగ్రో కొండల్లోని పల్లెలకు కారులో తిరిగారు. హెర్జెగోవినాకు చెందిన నికోలా వుజ్నోవిచ్ ఆయనకు తోడు. రాయడం చదవడం వచ్చిన వుజ్నోవిచ్ స్వయంగా గాయకుడు కూడా. రెండో యాత్రకు శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ సహాయకుడిగా వచ్చారు.

అక్కడి గాయకులు గుస్లె అనే తీగ వాద్యాన్ని కమానుతో వాయిస్తూ గంటల తరబడి వీరగాథలు పాడతారు. ముస్లిం పల్లెల్లో రంజాన్ నెల రాత్రుళ్లు కాఫీ హోటళ్లలో ఈ పాటలు సాగేవి. అప్పటి రికార్డింగ్ డిస్కు ఒక వైపు నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు. అందుకే అల్యూమినియం డిస్కులు తిరిగే రెండు పళ్లేలతో ఒక యంత్రాన్ని అమెరికాలో ప్రత్యేకంగా చేయించుకుని తెచ్చారు. ఒక డిస్కు నిండగానే రెండోదానికి మార్చవచ్చు. గాయకుడు ఆగనక్కరలేదు. అలా 3,500కు పైగా డిస్కులు నిండాయి.

అక్షరం పొల్లుపోకుండా?

ప్యారీకి పాటలు పోగేయడం ఒక్కటే లక్ష్యం కాదు. ఒక పాట ఒక గాయకుడి నుంచి మరొకరికి వెళ్లేటప్పుడు ఏమవుతుందో ఆయన పరీక్షించాలనుకున్నారు. 1934లో నోవీ పజార్ పట్టణంలో కాఫీ హోటల్ నడిపే డెమైల్ జోగిచ్ అనే గాయకుడు, తాను సులేమాన్ మాకిచ్ నుంచి విన్న పాటను మరుసటి రోజే అక్షరం పొల్లుపోకుండా పాడగలిగానని చెప్పారు. మాకిచ్ కూడా ఇరవై ఏళ్ల తర్వాతైనా తన పాట మారదని అన్నారు. రికార్డులు పోల్చి చూస్తే ఆ ఇద్దరి పాటల్లో కథ ఒకటే, పాదాలు మాత్రం వేరు. 1951లో లార్డ్ మళ్లీ వెళ్లి జోగిచ్ చేత అదే పాట పాడిస్తే, ఆయన పాత పాటకూ కొత్త పాటకూ కూడా పాదాలు కలవలేదు.

జోగిచ్ చెప్పింది అబద్ధం కాదు. రాతను కొలబద్దగా పెట్టుకున్నవారికి మాట అంటే అక్షరాలు. ఆ గాయకులకు మాట అంటే చెప్పదలచిన సంగతి. కథ క్రమం తప్పకపోతే, సంప్రదాయం ఒప్పుకునే తీరులో పాడితే, పాట మారనట్టే. నకలు, మార్పు అనే మాటలకు అక్కడ వేరే అర్థాలున్నాయి.

1935 వేసవిలో మాంటెనెగ్రోలోని బియెలో పోల్యె దగ్గర ప్యారీకి అవ్దో మెజెదోవిచ్ తారసపడ్డారు. చదువు రాని కసాయి, సుమారు అరవయ్యేళ్ల వ్యక్తి. ఒట్టోమన్ సైన్యంలో తొమ్మిదేళ్లు పనిచేశారు. ప్యారీ ఒక పరీక్ష పెట్టారు. ముమిన్ వ్లహోవ్‌ల్యాక్ అనే గాయకుడు అవ్దో ఎన్నడూ విననిదొక పాట పాడారు. అవ్దో పక్కనే కూర్చుని విన్నారు. ముగిశాక అదే పాట ఆయన్ను పాడమన్నారు. ముమిన్ పాడింది 2,294 పాదాలు. అవ్దో పాడింది 6,313 పాదాలు. కథ అదే, కానీ పాత్రల మనసు, గుర్రాల అలంకారం, సభల వర్ణన అన్నీ నిండుగా విస్తరించాయి.

ఇంతకన్నా విశేషం స్మైలాగిచ్ మెహో పెళ్లి పాట. అవ్దో దాన్ని నేర్చుకున్నది మరో గాయకుడి దగ్గర కాదు. ఎవరో ఒక అచ్చు పుస్తకం చదివి వినిపిస్తే నేర్చుకున్నారు. ఆ పుస్తకంలోని పాట రెండు వేల పైచిలుకు పాదాలు. ప్యారీ కోరికపై వుజ్నోవిచ్ రాసుకుంటూండగా రోజుల తరబడి అవ్దో చెప్పిన పాట 12,311 పాదాలు. అంటే ఒడిస్సీ అంత. చదువు రాని ఒక మనిషి, రాత సాయం లేకుండా, అంత పెద్ద కావ్యం చెప్పగలడా అని హోమర్ విషయంలో పండితులు అడుగుతూ వచ్చిన ప్రశ్నకు ఒక కసాయి జవాబిచ్చారు. ఎదురుగా మాదిరి ఉన్నా అది ఆయన చేతిలో నకలు కాలేదని కూడా ఆ పాటే చూపించింది.

ఆ కొండల్లో ప్యారీకి మరో పేరు పదేపదే వినిపించింది. చోర్ హుసో, అంటే గుడ్డి హుసో. ముందు తరంలో ఊరూరా తిరిగిన గాయకుడు. మంచి పాట ఏదైనా ఆయన నుంచే వచ్చిందని చెప్పుకునేవారు. గుడ్డివాడని గ్రీకులు చెప్పుకున్న హోమర్ పేరు కూడా ఇలాగే పెరిగి ఉంటుందా అన్న ఆలోచనతో ప్యారీ ఆయన పేరు మీద ఒక రచన మొదలుపెట్టారు. అది పూర్తి కాలేదు.

తెగిపోయిన పని

1935 సెప్టెంబరులో ప్యారీ అమెరికా చేరారు. డిసెంబరు 3న లాస్ ఏంజెలెస్‌లోని ఒక హోటల్ గదిలో తుపాకీ గుండు తగిలి చనిపోయారు. సూట్‌కేసులోంచి సామాను తీస్తుండగా బట్టల మధ్య ఉన్న తుపాకీ పేలిందని, అది ప్రమాదమేనని అధికారులు తేల్చారు. ఆత్మహత్య అని, ఇంకేదో అని ఊహాగానాలు తర్వాత చాలానే వచ్చాయి, ఏదీ రుజువు కాలేదు. అప్పటికి ఆడమ్‌కు ఏడేళ్లు.

యుగోస్లావియా సామగ్రి మీద రాయదలచిన పుస్తకానికి ప్యారీ వదిలి వెళ్లింది కొన్ని పేజీలే. కథా గాయకుడు అని దానికి పేరు అనుకున్నారు. 23 ఏళ్ల లార్డ్ మీద ఆ బరువు పడింది. పాతికేళ్లు పట్టింది. 1960లో లార్డ్ అదే పేరుతో పుస్తకం తెచ్చారు. అది గురువు పుస్తకం కాదు, కానీ గురువు మొదలుపెట్టిన కథే. ఈలోగా 1940ల మొదట్లో హంగేరీ సంగీతకారుడు బేలా బార్టోక్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కూర్చుని, ప్యారీ డిస్కుల్లోని పాటలకు స్వరలిపి రాశారు.

ప్యారీ సిద్ధాంతం మీద అభ్యంతరాలూ మొదలయ్యాయి. మాటలన్నీ ముందే తయారై ఉంటే కవికి మిగిలిందేమిటి? ఆ ప్రశ్న వేసినవారిలో ఆయన కొడుకు కూడా ఒకరు. తండ్రిలాగే గ్రీకు పండితుడైన ఆడమ్ ప్యారీ 1956లో అకిలీస్ మాట తీరుపై ఒక వ్యాసం రాశారు. అందరూ వాడే ఆ భాషతోనే, అందరూ నమ్మే విలువల మీద తనకు నమ్మకం పోయిందని అకిలీస్ చెప్పాల్సి వచ్చింది. దానికి తగిన మాటలు ఆ భాషలో లేవు. అందుకే అతడు భాషను వంకరగా వాడతాడని ఆడమ్ చూపించారు. ఉమ్మడి భాషలోనూ ఒక వ్యక్తి వేదన వినిపించగలదన్నమాట. తండ్రి రచనలన్నిటినీ ఆడమే ఒక సంపుటంగా కూర్చి, దీర్ఘమైన పీఠిక రాశారు. అది 1971లో వెలువడింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో భార్యతోపాటు ఆడమ్ కూడా చనిపోయారు.

దక్షిణాసియాలో

ప్యారీ భారతదేశం రాలేదు, కానీ ఆయన పద్ధతి వచ్చింది. బెంగాలీ రచయిత్రి నవనీత దేవ్‌సేన్ వాల్మీకి రామాయణంలోని బాలకాండను ఫార్ములాల దృష్టితో పరిశీలించి 1966లో వ్యాసం ప్రచురించారు. శ్రీలంక తమిళ పండితుడు కైలాసపతి 1968లో సంగం కవిత్వాన్ని మౌఖిక వీరగాథల సంప్రదాయంగా చదివారు. దాన్ని కాదన్నవారూ ఉన్నారు. ఆ పద్యాలు చదువుకున్న కవులు రాసినవేనని, పాణర్ల వంటి గాయకుల తీరును వారు అనుకరించారని అమెరికన్ తమిళ పండితుడు జార్జ్ హార్ట్ వాదించారు. ప్యారీ హోమర్‌కూ అపొలోనియస్‌కూ మధ్య గీసిన గీత మీదే ఈ తగవు కూడా నడిచింది. తెలుగునాట పల్నాటి వీరుల కథను గాయకుల నోట విని, రికార్డు చేసి, జీన్ రోఘేర్ 1982లో పుస్తకంగా తెచ్చారు. పల్నాటి కథకు కావ్యరూపం ఉన్నా, పాడేవారి కథకు దానిదైన బతుకు ఉందని ఆ పని గుర్తు చేసింది.

అయితే ప్యారీ, లార్డ్‌ల యుగోస్లావియా అనుభవం అన్నిటికీ వర్తించదని చెప్పే గట్టి సాక్ష్యం కూడా ఇక్కడే ఉంది. వేదం నోటితోనే వచ్చింది. కానీ పదపాఠం, క్రమపాఠం వంటి కట్టుబాట్లతో స్వరం కూడా మారకుండా వచ్చింది. జోగిచ్ చెప్పుకున్న అక్షరం పొల్లుపోని తీరు వేదపాఠశాలలో నిజంగానే ఉంది. మౌఖికమైనంత మాత్రాన ప్రతిసారీ కొత్తగా కట్టేదని కాదు. దేన్ని మార్చకూడదో, దేన్ని మార్చవచ్చో ఆ సమాజమే నిర్ణయిస్తుంది. పుణెలోని భండార్కర్ సంస్థ వందల ప్రతులు పోల్చి మహాభారత పరిష్కృత ప్రతిని తయారుచేసినప్పుడు, ఏది మూలం, ఏది చేర్పు అన్న ప్రశ్న అంత కష్టంగా మారడానికీ కారణం ఇదే. ఇతిహాసాన్ని వేదంలా కాపాడలేదు, పెరగనిచ్చారు.

ప్యారీ డిస్కులు ఇప్పుడు హార్వర్డ్ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటిలో పాడినవారెవరూ లేరు. హోమర్ ఒక్కడా, పదిమందా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ పాటలు రాతలోకి ఎప్పుడు, ఎలా వచ్చాయన్నదీ తేలలేదు. తేలింది ఒక్కటే. ముందువారి మాటతో పాడిన కవిని దొంగ అని గానీ, వెనుకబడినవాడని గానీ అనే ముందు, ఆ మాట ఎవరి సొంతమో అడగాలి.